ముప్పై అయిదు దాటిన అంకె

ఈ మధ్య బంధుమిత్రులు నాకు వాట్సప్‌లో పంపే వైద్య నివేదికలలో ఒక పంక్తి తరచుగా కనబడుతున్నది. సి.ఏ. 125 అని పేరు, దాని ప్రక్కన ముదురు అక్షరాలలో ఒక అంకె, చివర 35 లోపు ఉండవలెనన్న సూచన. పంపినవారు సాధారణంగా కొడుకో, అల్లుడో అయి ఉంటారు. క్రింద ఒకటే ప్రశ్న: "అంకుల్, అమ్మకు క్యాన్సరా?" ఆ అమ్మగారికి ఏ బాధ ఉన్నదని పరీక్ష చేయించారని అడిగితే, "బాధ ఏమీ లేదండీ. యాభై నిండాయి గదా అని ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించాము. అందులో ఇది కూడ ఉన్నది" అంటారు.

అడగకుండా వచ్చిన ఆ అంకె ఆ ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండ చేస్తుంది. మరొక ఇంటిలో, నిజంగా ఆ పరీక్ష అవసరమైన స్త్రీ ఆరు నెలలుగా గ్యాసు మాత్రలు మింగుతూ ఉంటుంది. ఈ రెండు ఇళ్ళ గురించీ మీకు వ్రాయవలెనని చాలాకాలంగా అనుకుంటున్నాను. నేను స్త్రీవ్యాధి నిపుణుడిని కాను. ముప్పై మూడేళ్ళు ప్రభుత్వాసుపత్రులలో జనరల్ మెడిసిన్ వార్డులు చూసినవాడిని. అయినా అండాశయ క్యాన్సర్ రోగులు చాలామంది ముందుగా మా వార్డులకే వచ్చేవారు. ఆ జబ్బు స్త్రీవ్యాధివలె మొదలు కాదు. కడుపు ఉబ్బరంగా, అజీర్తిగా, నడుము పట్టుగా మొదలవుతుంది. కడుపులో నీరు చేరిన తరువాత కాలేయం చెడిందేమోనని మా దగ్గరకు పంపేవారు.

బాదంకాయంత అండాశయాలు కటి లోపల, ఎముకల గిన్నెలో అడుగున ఉంటాయి. అక్కడ కంతి పెరగడానికి చోటు కావలసినంత ఉన్నది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అయితే కంటితో చూడవచ్చు, పైపొర కణాలను తీసి పరీక్షించవచ్చు. రొమ్ములో గడ్డ చేతికి తగులుతుంది. అండాశయం అలా చేతికందేది కాదు. సూది గుచ్చి చూద్దామంటే, లోపల క్యాన్సర్ ఉన్నట్లయితే ఆ కంతి చిట్లి కణాలు కడుపంతా చల్లుకునే ప్రమాదం ఉన్నది. అందుచేతనే ఈ జబ్బు విషయంలో వైద్యులు మొదటినుండీ రక్తంలో ఒక సూచిక కోసం వెదికారు. కంతి ఉన్నచోటికి మనం పోలేము కాబట్టి, కంతి విడిచిపెట్టే అణువు రక్తంలో మన దగ్గరకు రావాలన్నమాట.

1976లో నేను ఉద్యోగంలో చేరేనాటికి అటువంటి పరీక్ష లేదు. దానికి పునాది మాత్రం అప్పటికే పడింది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒకే రకం ప్రతిరక్షకాన్ని కావలసినంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతితోనే అమెరికాలోని బోస్టన్ నగరంలో రాబర్ట్ బాస్ట్, రాబర్ట్ నాప్ అనే వైద్యులు ఎలుకలకు అండాశయ క్యాన్సర్ కణాలు ఎక్కించి, వాటి శరీరంలో పుట్టిన ప్రతిరక్షకాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ పోయారు. క్యాన్సర్ కణాలను పట్టుకుని, మామూలు అండాశయ కణాలను వదిలిపెట్టేది కావాలి. నూట ఇరవై అయిదవది పనికివచ్చింది. నివేదికలో మిమ్మల్ని భయపెడుతున్న ఆ 125 అనేది అంతే. ఎన్నవసారికి దొరికిందో తెలిపే వరుస సంఖ్య. దానికి వేరే మర్మమేమీ లేదు.

1983లో వారు ప్రకటించిన ఫలితాలలోనుండే 35 అన్న గీత వచ్చింది. అండాశయ క్యాన్సర్ ఉన్న 101 మందిలో 83 మందికి ఆ గీత దాటింది. ఆరోగ్యవంతులు 888 మందిలో నూటికి ఒకరికి మాత్రమే దాటింది. ఇంతకంటె మంచి పరీక్ష ఏముంటుందని మీకు అనిపించవచ్చు. అప్పుడు వైద్యలోకానికి కూడ అలాగే అనిపించింది.

ఇక్కడ కొంచెం లెక్క చేయాలి, విసుగు చెందకండి. ముట్లుడిగిన వయసు స్త్రీలను 2,500 మందిని వరుసగా నిలబెడితే, వారిలో అండాశయ క్యాన్సర్ ఉండేది ఒక్కరికి. మిగిలిన 2,499 మంది ఆరోగ్యవంతులే అనుకుందాము. వారిలో నూటికి ఒకరి చొప్పున గీత దాటితే, ఎంతమంది? ఇరవై అయిదుగురు. అంటే ఊరికే అందరికీ ఈ పరీక్ష చేస్తే, 35 దాటిన ఇరవై ఆరుగురిలో క్యాన్సర్ ఉన్నది ఒక్కరికి, భయం మాత్రం ఇరవై ఆరుగురికీ. ఆ ఒక్కరి విషయంలో కూడ పరీక్ష పట్టుకుంటుందన్న పూచీ లేదు. జబ్బు అండాశయం దాటకుండ ఉన్న మొదటి దశలో, అంటే పట్టుకోవడం వలన నిజంగా ప్రయోజనం ఉన్న దశలో, సి.ఏ. 125 పెరిగేది సుమారు సగం మందిలోనే. ప్యాకేజీ అమ్మేవారు ఈ లెక్క చెప్పరు. చెప్పితే ఆ పరీక్ష ఎవరూ కొనరు.

అసలు ఈ సి.ఏ. 125 క్యాన్సర్ మాత్రమే తయారుచేసే విషపదార్థం కాదు. అది ఒక పెద్ద మ్యూసిన్ ప్రోటీన్. మన జిగురు పొరలను తడిగా ఉంచే జాతికి చెందినది. దాని జన్యువును 2001లో గుర్తించి మక్ 16 అని పేరు పెట్టారు. కడుపు లోపలి అవయవాలను కప్పి ఉంచే పెరిటోనియం పొర, ఊపిరితిత్తులను కప్పే పొర, గుండెను కప్పే పొర, గర్భాశయపు లోపలి పొర, ఇవన్నీ దానిని తయారుచేస్తాయి. ఆ పొరలలో దేనికి ఒరిపిడి కలిగినా రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. ముట్టు సమయంలో పెరుగుతుంది. గర్భం తొలి నెలలలో పెరుగుతుంది. ఫైబ్రాయిడ్లలో, చాక్లెట్ సిస్టులు చేసే ఎండోమెట్రియోసిస్‌లో, కటిభాగపు ఇన్ఫెక్షన్లలో పెరుగుతుంది. కాలేయం గట్టిపడి కడుపులో నీరు చేరితే బాగా పెరుగుతుంది. గుండె నీరసించి ఒళ్ళు వాచినా పెరుగుతుంది. కడుపు ఆపరేషన్ అయిన కొత్తలో పెరుగుతుంది. ఈ జాబితాలో మన దేశానికి అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది: కడుపు క్షయ.

2004 ప్రాంతంలో నేనొక జిల్లా ఆసుపత్రిలో ఉండగా ముప్పై రెండేళ్ళ స్త్రీని తీసుకువచ్చారు. కడుపు నిండా నీరు, బుగ్గలు పీక్కుపోయాయి, రెండు నెలలలో ఎనిమిది కిలోలు తగ్గింది. బయట తీసిన స్కానింగులో అండాశయాల దగ్గర గడ్డవంటిది కనబడుతున్నదని వ్రాశారు. సి.ఏ. 125 ఆరువందలు దాటింది. ఎవరో ఆ భర్తను ప్రక్కకు పిలిచి, లాభం లేదు, మూడు నెలలని చెప్పి పంపారట. అతను నాతో అన్న మాటలు నాకింకా గుర్తున్నాయి. "అయ్యా, ఉన్నది ఎకరం పొలం. అమ్మినా మనిషి దక్కదంటున్నారు. ఇద్దరు ఆడపిల్లలున్నారయ్యా. ఇంటికి తీసుకుపోనా, ఉంచనా, మీరు చెప్పండి" అన్నాడు. ఆమె అప్పటికే తన బంగారం ఏ పిల్లకు ఏది ఇవ్వాలో తోడికోడలితో చెప్పుకున్నదని తరువాత తెలిసింది.

నేను ఆమెనే అడిగాను: "సాయంత్రాలు జ్వరం వస్తున్నదా అమ్మా?" వస్తున్నదన్నది. ఆ సంగతి అంతవరకు ఎవరూ ఆమెను అడగలేదు. అంకె చూసిన తరువాత ఇక అడిగేదేమున్నది! కడుపులోని నీరు తీసి పరీక్ష చేయిస్తే అందులో క్యాన్సర్ కణాలు కనబడలేదు, లింఫోసైట్ కణాలు నిండుగా ఉన్నాయి, ఏ.డి.ఏ. అనే ఎంజైము ఎక్కువగా ఉన్నది. ఇవి క్షయ వైపు వేలెత్తి చూపుతాయి గాని రుజువు కావు. మా సర్జన్ చిన్న కోత పెట్టి లోపల చూశాడు. పెరిటోనియం పొర నిండా సగ్గుబియ్యం చల్లినట్లు తెల్లని పొక్కులు. వాటిలో ఒకటి తీసి పాథాలజీకి పంపితే క్షయ అని తేలింది. ఆరు నెలల మందులు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవే. ఆరవ నెలలో ఆమె తన కాళ్ళమీద నడిచి వచ్చింది. సి.ఏ. 125 పద్నాలుగు. పొలం అమ్మలేదు.

ఈ కథ చెప్పి, కడుపులో నీరు ఉన్న ప్రతివారికీ క్షయ అనుకుని ధైర్యంగా ఉండండని నేను చెప్పడం లేదు. దానికి విరుద్ధంగా జరిగినవి కూడ చూశాను. క్షయ అయి ఉండవచ్చునని రుజువు లేకుండ మందులు మొదలుపెట్టి, తగ్గుతుందిలెమ్మని నెలల తరబడి చూసి, చివరకు క్యాన్సర్ అని తేలిన వారున్నారు. రెండు తప్పులకూ మూలం ఒకటే: కణజాలం చూడకుండ పేరు పెట్టడం. ఏ జబ్బుకైనా పేరు పెట్టవలసినది సూక్ష్మదర్శిని క్రింద ముక్కను చూసిన పాథాలజిస్టు. రక్తంలోని సూచిక ఎక్కడ వెదకాలో చెప్పగలదు, అంతకంటె దానికి అధికారం లేదు.

మరి ఈ పరీక్షకు విలువే లేదా అంటే, చాలా ఉన్నది. ఒంటరిగా లేదు. 1990లో ఇయన్ జేకబ్స్ అనే ఇంగ్లండు వైద్యుడు, ఆయన సహచరులు ఒక సులభమైన హెచ్చవేత సూచించారు. స్కానింగులో కనబడే అనుమానపు లక్షణాలు అయిదు: సిస్టు లోపల అరలు, గట్టి భాగాలు, రెండు వైపులా ఉండటం, కడుపులో నీరు, ఇతర చోట్లకు ప్రాకిన గుర్తులు. వీటిలో ఏమీ లేకపోతే సున్న, ఒకటి ఉంటే ఒకటి, అంతకు మించితే మూడు. ముట్లు ఇంకా వస్తుంటే ఒకటి, ఆగిపోతే మూడు. ఈ రెంటినీ సి.ఏ. 125 అంకెతో హెచ్చవేయాలి. 200 దాటితే క్యాన్సర్ శస్త్రచికిత్స తెలిసిన చోటికి పంపాలి.

ఇద్దరు స్త్రీలను ఊహించుకోండి. ముప్పై నాలుగేళ్ళ ఆమెకు ముట్టునొప్పి, రెండు వైపులా చాక్లెట్ సిస్టులు, అంకె 120. హెచ్చవేస్తే నూట ఇరవయ్యే. అరవై రెండేళ్ళ ఆమెకు సిస్టులో గట్టి భాగాలు, కొద్దిగా నీరు, అంకె 45 మాత్రమే. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది నలభై అయిదులు 405. మొదటి ఆమె ఇంటిలో ఏడుపులు, రెండవ ఆమె ఇంటిలో "కొంచెమేగా పెరిగింది" అన్న నిశ్చింత ఉంటాయి. పరిగెత్తవలసినది రెండవవారు. అంకె ఒక్కటే చూస్తే మనం సరిగ్గా తలక్రిందులుగా ప్రవర్తిస్తాము.

తరువాత హెచ్.ఈ. 4 అని మరొక సూచిక వచ్చింది. మొదట పురుషుల వృషణాలకు అనుబంధంగా ఉండే నాళంలో దొరికిన ప్రోటీన్ కాబట్టి పేరులో ఆ నాళం ఉన్నది. స్త్రీల క్యాన్సర్‌కు పనికివచ్చింది. ఎండోమెట్రియోసిస్‌లో ఇది సాధారణంగా పెరగదు. వయసులో ఉన్న స్త్రీలలో సి.ఏ. 125 చేసే గందరగోళాన్ని ఇది కొంత విడదీస్తుంది. అయితే మూత్రపిండాలు చెడినవారిలో ఇది ఊరికే పెరుగుతుంది. ఈ రెండు అంకెలను, ముట్లు ఆగాయా లేదా అన్నదానిని కలిపి లెక్కకట్టే పద్ధతికి రోమా అని పేరు. ఇది కూడ స్కానింగులో గడ్డ కనబడిన స్త్రీకి ఆపరేషన్ ఎక్కడ, ఎవరిచేత చేయించాలో తేల్చడానికే. ఏ గడ్డా లేని స్త్రీకి చేయించేది కాదు. ఆపరేషన్ ఎవరు చేస్తారన్నది చిన్న విషయం కాదు. క్యాన్సర్ అని తెలియక మామూలు సిస్టువలె చిట్లగొట్టి తీస్తే జబ్బు దశ మారిపోతుంది.

చిన్న వయసు ఆడపిల్లలలో కథ వేరు. పదిహేను, పదహారేళ్ళ పిల్లకు కడుపులో గడ్డ వేగంగా పెరిగితే అది చాలావరకు బీజకణాలలో పుట్టే రకం. అక్కడ సి.ఏ. 125 కంటె ఏ.ఎఫ్.పి., హెచ్.సి.జి., ఎల్.డి.హెచ్. అనే పరీక్షలు ముఖ్యం. ఈ రకం కీమోథెరపీకి అద్భుతంగా లొంగుతుంది. జబ్బు ఉన్న అండాశయం ఒక్కటే తీసి, రెండవదానిని, గర్భాశయాన్ని కాపాడగలిగే సందర్భాలు ఎక్కువ. పెళ్ళి కావలసిన పిల్ల అని గడ్డ సంగతి దాచిపెట్టే తల్లిదండ్రులు ఈ మాట రెండుసార్లు చదవాలని కోరుతున్నాను.

ఇప్పుడు అసలు పెద్ద ప్రశ్నకు వస్తాను. ఒక అంకెను కాక, ఏటేటా ఆ అంకె పెరుగుదలను చూస్తూ పోతే జబ్బును ముందుగా పట్టి ప్రాణాలు నిలపలేమా? ఇది తెలివైన ప్రశ్నే. దీనికోసం రెండు మహాప్రయత్నాలు జరిగాయి. అమెరికాలో 78,216 మంది స్త్రీలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఏటా సి.ఏ. 125, స్కానింగు చేశారు. 2011లో ఫలితం వచ్చింది. పరీక్షలు చేసిన భాగంలో ఈ జబ్బుతో మరణించినవారు 118, చేయని భాగంలో 100. మరణాలు తగ్గలేదు. పైగా 3,285 మందికి లేని జబ్బు ఉన్నట్లు వచ్చింది. వారిలో 1,080 మందికి ఆపరేషన్లు జరిగాయి. ఆ ఆపరేషన్లలో 163 మందికి తీవ్రమైన ఇబ్బందులు కలిగాయి. జబ్బు లేనివారికి!

బ్రిటన్‌లో జరిగినది ఇంకా పెద్దది. రెండు లక్షలకు పైగా స్త్రీలు, సుమారు పదహారేళ్ళ పరిశీలన, ఒక్క అంకెను కాక ఏటా దాని నడకను లెక్కకట్టే గణిత పద్ధతి. దానికి నాయకత్వం వహించినవారిలో ఉషా మేనన్ గారు ముఖ్యులు. 2021లో చివరి ఫలితం ప్రకటించారు. ఈ పద్ధతి వలన మొదటి దశలో దొరికినవారి సంఖ్య పెరిగింది, నాలుగవ దశలో దొరికినవారి సంఖ్య తగ్గింది. అది చదివి నాకు ప్రాణం లేచివచ్చింది. తరువాతి పంక్తిలో మరణాలు: రక్తపరీక్ష చేసిన 50,625 మందిలో 296, ఏ పరీక్షా చేయని 1,01,314 మందిలో 619. రెండూ వెయ్యికి ఆరే. ముందుగా పట్టినా మరణాలు తగ్గలేదు. ఇరవై ఏళ్ళ శ్రమ తరువాత ఇటువంటి ఫలితాన్ని దాచకుండ ప్రకటించడానికి నిజాయితీ కావాలి. నాకు వారిపై గౌరవం పెరిగింది.

ఎందుకిలా జరిగిందన్నదానికి ఒక బలమైన వివరణ ఉన్నది. ప్రాణాంతకమైన అండాశయ క్యాన్సర్లలో ఎక్కువ భాగం అసలు అండాశయంలో పుట్టవు. దాని ప్రక్కనే ఉండే అండవాహిక చివరి కుచ్చులలో, సూక్ష్మదర్శినికి మాత్రమే కనబడేంత మచ్చగా పుడతాయి. అక్కడినుండి కణాలు నేరుగా కడుపులో రాలతాయి. రక్తంలో అంకె పెరిగేంత మోతాదు కంతి తయారయ్యేనాటికి విత్తనాలు చల్లడం అయిపోయి ఉంటుంది.

ఆశలు రేపి అణగిపోయినవి కూడ లేకపోలేదు. 2002లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఒక చుక్క రక్తంలోని ప్రోటీన్ల ఆకృతిని యంత్రంతో చదివి 50 మంది క్యాన్సర్ రోగులలో యాభై మందినీ పట్టామన్నారు. ప్రపంచమంతా పతాక శీర్షికలు. టెక్సాస్‌లోని గణాంక శాస్త్రజ్ఞులు బ్యాగర్లీ, కూంబ్స్ ఆ అంకెలను మళ్ళీ తవ్వి చూసి, తేడాలు వచ్చింది జబ్బు వలన కాకపోవచ్చు, నమూనాలను యంత్రంలో నడిపిన తీరు వలన కావచ్చునని చూపించారు. ఆ పరీక్ష రోగుల దాకా రాలేదు. ఇప్పుడు రక్తంలో తేలియాడే డి.ఎన్.ఏ. తునకలను చదివే పరీక్షలు వస్తున్నాయి. వాటిని నేను ఆసక్తితోనే చదువుతున్నాను. అయితే ప్రతి కొత్త పరీక్షనూ ఒకటే అడుగుతాను: నీ వలన మరణాలు తగ్గినట్లు చూపగలవా? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడ 2016లో, ఏ లక్షణాలూ లేని స్త్రీలకు అండాశయ క్యాన్సర్ కోసం రక్తపరీక్షలు చేయించవద్దని హెచ్చరించింది.

లక్షణాలు ఉన్న స్త్రీ సంగతి మాత్రం వేరు, ఇక్కడే మన ఇళ్ళలో అశ్రద్ధ జరుగుతున్నది. కొత్తగా మొదలై, నెలలో పన్నెండు రోజులకు మించి వస్తున్న కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్లు ఉండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికి మూత్రానికి వెళ్ళవలసి రావడం. యాభై దాటిన స్త్రీకి ఇవి కొత్తగా వస్తే "గ్యాసులే" అనకండి. చీరె కుచ్చిళ్ళు కుదరడం లేదని, జాకెట్టు వదులై లంగా బిగుతైందని ఆమె అంటే ఆ మాటను నవ్వులో పెట్టకండి. మనిషి చిక్కుతూ పొట్ట పెరగడమంటే అదే. బ్రిటన్‌లో 2011 నుండి ఇటువంటి స్త్రీకి ముందు సి.ఏ. 125, అది పెరిగితే స్కానింగు చేయమంటున్నారు. మన దగ్గర అల్ట్రాసౌండ్ ప్రతి పట్టణంలోనూ ఉన్నది కాబట్టి రెండూ ఒకేసారి చేయించమంటాను. అంకె మామూలుగా వచ్చినా బాధ తగ్గకపోతే మళ్ళీ వెళ్ళాలి. యాభై దాటినవారిలో కొత్తగా మొదలయ్యే ఐ.బి.ఎస్. అనే పేగుల చపలత్వం అరుదు. ఆ పేరు చెప్పి మందులిస్తే ఒకసారి కడుపు స్కానింగు అడగండి, అది మీ హక్కు.

చికిత్స పూర్తయినవారికి ఒక మాట. కీమోథెరపీ సమయంలో ఈ అంకె పడిపోవడం మందు పనిచేస్తున్నదనడానికి మంచి గుర్తు, సి.ఏ. 125 నిజంగా రాణించే చోటు ఇదే. చికిత్స అయిపోయి బాగా ఉన్నవారు నెలనెలా పరీక్ష చేయించుకుని అంకె చూసుకుంటూ బ్రతకడం మరొక విషయం. గోర్డన్ రస్టిన్ బృందం 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. అంకె పెరగగానే కీమో మొదలుపెట్టినవారు, లక్షణాలు కనబడేవరకు ఆగినవారు ఇంచుమించు ఒకే కాలం జీవించారు: సగటున 25.7 నెలలు, 27.1 నెలలు. ముందుగా మొదలుపెట్టినవారు మందుల బాధ మాత్రం ముందుగా అనుభవించారు. మందులు మారుతున్న ఈ రోజులలో దీనిపై వాదనలు ఉన్నాయి కాబట్టి మీ ఆంకాలజిస్టు చెప్పినట్లే చేయండి. ఆ పరీక్ష ఎందుకు, ఫలితం వస్తే ఏమి మారుతుందని ఆయనను అడగడంలో తప్పులేదు.

ఇంత చెప్పిన తరువాత, మన దగ్గర చేయించవలసినంతగా చేయించని పరీక్ష ఒకటి చెప్పాలి. అది ఇప్పుడు జబ్బు ఉన్నదా అని చెప్పేది కాదు. రేపు వచ్చే అవకాశం ఎంత అని చెప్పేది. బ్రాకా 1, బ్రాకా 2 అనే జన్యువులు దెబ్బతిన్న డి.ఎన్.ఏ.ను బాగుచేసే పనిలో ఉంటాయి. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ మొదటిదాని జాడ పదిహేడవ క్రోమోజోముపై చూపించారు. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది. సాధారణ స్త్రీలలో జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చేది నూటికి ఇద్దరిలోపే. బ్రాకా 1లో హానికరమైన మార్పు ఉన్నవారిలో ఎనభై ఏళ్ళలోపు నూటికి సుమారు 44 మందికి, బ్రాకా 2లో అయితే సుమారు 17 మందికి వస్తుంది. అండాశయ క్యాన్సర్ ఉన్న స్త్రీలలో సుమారు ఏడుగురిలో ఒకరికి ఈ మార్పు ఉంటుంది, అందులో కుటుంబ చరిత్ర లేనివారూ ఉంటారు. కాబట్టి ఈ క్యాన్సర్లలో అత్యధికమైన ఎపిథీలియల్ రకం అని తేలిన ప్రతి స్త్రీకీ ఈ పరీక్ష సూచించాలి. ఆమె చికిత్సకు కూడ అది పనికివస్తుంది. ఈ మార్పు ఉన్న రోగులకు మొదటి కీమో తరువాత ఒలాపరిబ్ మాత్రలు ఇస్తే, జబ్బు తిరగబెట్టే లేదా మరణించే ప్రమాదం 70 శాతం తగ్గినట్లు 2018లో తేలింది.

మన కుటుంబాలలో చరిత్ర అడిగితే తల్లివైపు మాత్రమే చెబుతారు. ఆడవాళ్ళ జబ్బు గదా, ఆడవాళ్ళనుండే వస్తుందనుకుంటారు. ఈ మార్పు తండ్రి ద్వారా కూడ వస్తుంది. అమ్మమ్మ, పిన్ని ఎంతో, మేనత్త, నాయనమ్మ కూడ అంతే ముఖ్యం. మేనరికాలు చేసుకున్న ఇళ్ళలో రెండు వైపులూ ఒకే కొమ్మలు కాబట్టి, కాగితం మీద వంశవృక్షం గీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చినవారి పేర్ల చుట్టూ సున్న చుట్టి, ఏ వయసులో వచ్చిందో వ్రాయండి.

మా బంధువుల ఇంటిలో ఒక ఉపాధ్యాయురాలికి అరవయ్యవ ఏట ఈ జబ్బు వచ్చింది. చికిత్స బాగానే జరిగింది. బ్రాకా పరీక్ష గురించి నేను కదిపితే ఆమె మొదట ఒప్పుకోలేదు. "నాకు వచ్చింది చాలదా బావగారూ, పిల్లలమీద కూడ ముద్ర వేయించమంటారా?" అన్నది. ఆ భయం అర్థం కానిది కాదు. పెద్ద కూతురికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. మూడు నెలల తరువాత ఆమే ఫోన్ చేసి చేయించుకుంటానన్నది. బ్రాకా 1లో మార్పు ఉన్నదని వచ్చింది. తల్లిలో మార్పు ఏదో తెలిసింది కాబట్టి కూతుళ్ళకు జన్యువంతా వెదకనక్కరలేదు, ఆ ఒక్క చోటు చూస్తే చాలు. పెద్దమ్మాయి ఇక్కడే చేయించుకున్నది, ఆమెకు లేదు. లేదంటే, ఆమె పిల్లలకు కూడ ఆ వైపునుండి రాదు. చిన్నమ్మాయి ముందే తన ఇష్టంతో పెళ్ళి చేసుకుని డల్లాస్‌లో ఉంటున్నది. అక్కడ చేయించుకుంటే ఉన్నదని వచ్చింది. ఆమెకు ముప్పై మూడేళ్ళు, ఒక బాబు. ఇటువంటివారికి సాధారణంగా ముప్పై అయిదు నలభై మధ్య, పిల్లలు చాలనుకున్న తరువాత, అండాశయాలు, అండవాహికలు తీయించుకోమని సలహా ఇస్తారు. దానితో ఈ క్యాన్సర్ ప్రమాదం చాలావరకు తొలగిపోతుంది. వయసుకు ముందే ముట్లుడిగిన ఇబ్బందులు, ఎముకల బలహీనత భరించవలసి ఉంటుంది. రొమ్ముల సంగతి వేరే చూసుకోవాలి.

ఆ అమ్మాయి నాతో వీడియోలో గంటసేపు మాట్లాడింది. ఏడవలేదు. రెండవ బిడ్డను ఇప్పుడే కనాలా, కంటే ఎప్పటిలోగా, బిడ్డకు ఈ మార్పు వచ్చే అవకాశం సగానికి సగమేనా, ఆపరేషన్ తరువాత హార్మోను మాత్రలు వేసుకోవచ్చునా అని వరుసగా వ్రాసుకున్న ప్రశ్నలు అడిగింది. చివరకు, "పెదనాన్నగారూ, అమ్మ ఈ పరీక్ష చేయించుకున్నది నాకోసమేనని ఆమెకు నేను ఎలా చెప్పను? తనవల్లే నాకు వచ్చిందని కుమిలిపోతున్నది" అన్నది. వచ్చే జనవరిలో ఆమె ఇండియా వస్తున్నది. తల్లీకూతుళ్ళిద్దరినీ కలిపి జన్యు సలహాదారు దగ్గరకు నేనే తీసుకువెళ్తానన్నాను.